"కరుడుగట్టిన ఖైదీ" అని రాయొచ్చా?

ప్రశ్న: జైలు కాగితాలు అనువదిస్తున్నాను. ఖైదీ "ప్రమాదకరమైనవాడు" అనే అర్థం వచ్చినచోట పత్రికల్లో లాగా "కరుడుగట్టిన నేరస్థుడు" అని రాయొచ్చా?

జవాబు: వద్దండీ. కరుడు అంటే గట్టిపడిపోయిన గడ్డ. మనిషిని ఆ మాట అన్నామంటే ఇక మారడని తేల్చేసినట్టే. ఖైదీని ఏ బ్యారక్‌లో పెట్టాలో, సంకెళ్లు వేయాలో వద్దో నిర్ణయించే కాగితంలో అలాంటి మాట చాలా అన్యాయం చేస్తుంది. "ఫలానా తేదీన ఎస్కార్టు నుంచి పారిపోబోయాడు" అని రాస్తే, "ఆ రోజు నేను జైలు ఆస్పత్రిలో ఉన్నాను" అని ఖైదీ చెప్పుకోగలడు. "కరుడుగట్టినవాడు" అని రాస్తే దేన్ని కాదంటాడు?

1894 జైళ్ల చట్టం 56వ సెక్షన్‌లోనే ఈ చిక్కు ఉంది. ఖైదీల "స్వభావాన్ని" బట్టి ఇనుప సంకెళ్లు వేయించే అధికారం సూపరింటెండెంటుకు ఇచ్చింది. తీహార్‌లో చార్లెస్ శోభరాజ్‌కి శిక్ష పడకముందే, విచారణ ఖైదీగా ఉండగానే, నెలల తరబడి కాళ్లకు సంకెళ్లు ఉంచారు. అతని కేసునీ, అదే జైల్లోని సునీల్ బాత్రా అనే ఖైదీ కేసునీ కలిపి 1978 ఆగస్టు 30న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచ్ తీర్పు చెప్పింది. సెక్షన్‌ని కొట్టేయలేదు గానీ, ఇష్టం వచ్చినట్టు వాడకుండా కట్టడి చేసింది.

అందులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన భాగం మన అనువాదకుల గ్రూపువాళ్లందరూ చదవాలి. ఖైదీకి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నారు. సంకెళ్లకు కారణాలు జైలు జర్నల్‌లోనూ, ఖైదీ హిస్టరీ టికెట్‌లోనూ (అతని వివరాలు రాసే జైలు పత్రం) రాష్ట్ర భాషలో రాయాలన్నారు. ఆ భాష రానివాడికి వీలైనంతవరకు అతని భాషలోనే తెలియజేయాలన్నారు. అంటే మన దగ్గర ఆ కారణం తెలుగులో ఉండాలి, చదివి వినిపిస్తే చదువురాని మనిషికి కూడా అర్థం కావాలి.

ప్రశ్న: మరి "అలవాటు నేరస్థుడు" (హాబిచువల్ అఫెండర్) అనొచ్చా?

జవాబు: చట్టంలో నిర్వచనం ఉన్నచోటే వాడండి. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: జైలు మాన్యువల్స్‌లో (జైలు నిబంధనల పుస్తకాల్లో) ఆ మాట రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంలోని నిర్వచనం ప్రకారమే ఉండాలి, మిగతావి చెల్లవు. సంచార తెగలవాళ్లను అలవాటు నేరస్థుల్లో చేర్చి, అందులో పుట్టడమే నేరం అన్నట్టు చూసిన రాతలు మన మాన్యువల్స్‌లో అన్నేళ్లు మిగిలిపోవడం తలుచుకుంటే కోపం వస్తుంది.

మీ అనువాదానికి "ప్రమాదకరుడని జైలు అధికారులు భావించిన ఖైదీ" అని పెట్టండి. పొడవైనా ఫర్వాలేదు, అలా భావించింది ఎవరో అందులో తెలుస్తుంది.