తేలిక కాంక్రీటు బ్లాకులతో సొంతంగా గోడలు కట్టుకోవడం తెలివైన పనేనా?

ప్రశ్న (జనగామ వైపు నుంచి)

మిత్రులకు నమస్కారం. మా ఊళ్లో రెండు గదుల ఇల్లు కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. పునాది, కాలమ్స్, స్లాబు పనులను మేస్త్రీకి అప్పగించి, వాటి మధ్య గోడలను మాత్రం ఏఏసీ అనే తేలిక కాంక్రీటు బ్లాకులతో నా చేతులతో నేనే కట్టాలని కోరిక. ఉద్యోగం హైదరాబాదులో కనుక శని, ఆదివారాలే నాకు దొరుకుతాయి. పని నేర్చుకోవాలన్న పట్టుదల ఉంది గానీ, ఇంతవరకు తాపీ పట్టి ఎరుగను. మా పెద్దనాన్న మాత్రం గోరు గుచ్చితే గుంటపడే ఆ బూడిద ఇటుకలతో ఇల్లేమిటని గట్టిగా వారిస్తున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి తమ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం (రాజమహేంద్రవరం వైపు నుంచి)

మీ పెద్దనాన్నగారి మాటను తోసిపుచ్చవద్దని నా మనవి. మా నాన్నగారు ముప్పై ఏళ్లు తాపీ పని చేశారు. ఆయనకు ఇటుకలు అందిస్తూ పెరిగినవాణ్ణి కనుక ఈ మాట అంటున్నాను. మూడేళ్ల క్రితం మా బంధువులు ఈ బ్లాకులతోనే ఇల్లు కట్టించారు. గృహప్రవేశం తర్వాత వచ్చిన మొదటి వేసవిలోనే బీముల కింద అడ్డంగా, కిటికీల మూలల నుంచి ఏటవాలుగా వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. వానాకాలంలో స్నానాలగది వెనుక గోడ చెమ్మపట్టి, రంగు పొక్కులుగా లేచిపోయింది. గోడ అలమరకు కొట్టిన మేకులు చేత్తో లాగితే ఊడివచ్చాయి. ఎర్ర ఇటుక గోడలో లోపం వస్తే ఊళ్లో ఉన్న ఏ మేస్త్రీ అయినా సరిచేయగలడు. ఈ బ్లాకుల తీరు తెలిసినవారు పల్లెల్లో ఎంతమంది ఉన్నారు? పైగా తాపీ పని రెండు మూడు ఆదివారాల్లో అబ్బేది కాదు. నాన్నగారు నా చేతికి తాపీ ఇచ్చే ముందు రెండేళ్లు మాలు (సిమెంటు, ఇసుక ముద్ద) కలిపించారు.

సమాధానం (వరంగల్ నుంచి)

పై సభ్యులు చెప్పిన పగుళ్లు, చెమ్మ, ఊడిన మేకులు మూడూ నిజమే, నేనూ చూశాను. నాకు తెలిసినంతలో వాటికి మూలం ఒక్కటే: బ్లాకును ఇటుక అనుకొని కట్టడం.

1920లలో స్వీడన్‌లో యాక్సెల్ ఎరిక్సన్ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఈ పదార్థంలో సిమెంటు, సున్నం, ఇసుక లేదా థర్మల్ కేంద్రాల బూడిద ఉంటాయి. అందులో చిటికెడు అల్యూమినియం పొడి కలిపితే, అది సున్నంతో చర్య జరిపి హైడ్రోజన్ బుడగలు పుట్టిస్తుంది. ఇడ్లీ పిండి పులిసి పొంగినట్లే ముద్ద పొంగుతుంది. కోసిన తర్వాత అధిక పీడనంలో, సుమారు 190 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉడికిస్తారు. ఆ బుడగల వల్లనే ఘనపు మీటరు బ్లాకు సుమారు 600 కిలోలు తూగితే, అంతే ఎర్ర ఇటుక కట్టుబడి 1,900 కిలోల వరకు తూగుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 400 కిలోలు దాటితే, ఎనిమిది అంగుళాల బ్లాకు గోడ 130 కిలోల లోపే ఉంటుంది. భూకంపంలో కట్టడం మీద పడే బలం దాని బరువును బట్టే పెరుగుతుంది కనుక, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో భూమి కంపించినప్పుడు ఇక్కడ వీధిలోకి పరుగెత్తిన మాకు ఈ లెక్క వట్టి అంకెలుగా తోచదు. అదే ములుగు జిల్లాలోని రామప్ప గుడి శిఖరాన్ని ఎనిమిది వందల ఏళ్ల క్రితమే నీటిలో తేలే ఇటుకలతో కట్టారు. పైభాగం బరువు తగ్గించాలన్న ఆలోచన మనకు పరాయిది కాదు.

ఇక లోపాల సంగతి. ఇటుకను నీళ్లలో నానబెట్టి కట్టడం మన మేస్త్రీలకు చేతి అలవాటు. బ్లాకును అలా నానబెడితే అది లోపల తడిని దాచుకొని, గోడ లేచిన తర్వాత ఆరుతూ కుంచించుకుపోతుంది. అప్పటికే ప్లాస్టరింగ్ అయిపోయి ఉంటుంది కనుక పగులు బయటపడుతుంది. బ్లాకు పైపైన తడిస్తే చాలు. బీము కిందివరకు బిగించి కట్టకుండా సన్నని సందు వదిలి, గోడ కుదురుకున్న తర్వాత పూరించాలి. కాంక్రీటూ బ్లాకూ కలిసేచోట జాలీ (సన్నని వల) కొట్టకుండా ప్లాస్టరింగ్ చేయకూడదు. స్నానాలగదిలో కింది వరసలు గట్టి కాంక్రీటుతో ఉండాలి, నీటినిరోధక పూత తప్పనిసరి. బరువులు వేలాడదీయడానికి మేకులు పనికిరావు. ఈ బ్లాకుల కోసమే తయారైన ప్లగ్గులు వాడాలి.

పని నేర్చుకోవడం గురించి నా అనుభవం చెబుతాను. నాలుగేళ్ల క్రితం మా పెరట్లో ఒక మేస్త్రీని పక్కన నిలబెట్టుకొని పన్నెండడుగుల గది గోడలు కట్టాను. మొదటి వరస పరచడానికే ఒక పగలంతా పట్టింది. నీటి గొట్టంతో మట్టం చూస్తే ఒక మూల నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. నాకు అది లెక్కలోకి రాలేదు, మేస్త్రీ మాత్రం బ్లాకు తీయించాడు. ఇటుక పనిలో మాలు అరంగుళం మందం ఉంటుంది కనుక చిన్న హెచ్చుతగ్గులను అందులో సర్దుకోవచ్చు. బ్లాకుల మధ్య జిగురు మాలు 3 మిల్లీమీటర్లే కనుక మొదటి వరసలో జరిగిన తప్పు గోడ పైదాకా వస్తుంది. ఆ ఒక్క వరస కుదిరిన తర్వాత చేతిరంపంతో కోసుకుంటూ పైకి వెళ్లడం కొత్తవారికి ఇటుక పనికంటే సులువు. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998 నుంచి నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తోంది. కొంతకాలం అక్కడ నేర్చుకోవడం సాధ్యమేమో విచారించండి.

రెండు గట్టి హెచ్చరికలు మాత్రం చేస్తున్నాను. కాలమ్స్, స్లాబు జోలికి మీరు వెళ్లవద్దు, ఇంజనీరు డ్రాయింగు లేకుండా మేస్త్రీనీ వెళ్లనివ్వవద్దు. అలాగే నురుగు కలిపి ఆవిరిలో ఉడికించకుండా చేసే సీఎల్‌సీ బ్లాకులను ఏఏసీ పేరుతో అమ్మేవారున్నారు. సీఎల్‌సీకి భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 నాలుగవ భాగం, ఏఏసీకి మూడవ భాగం వర్తిస్తాయి; పరీక్ష పత్రం అడిగి తీసుకోండి.

సమాధానం (రాజమహేంద్రవరం వైపు నుంచి)

మీరు చెప్పిన పద్ధతి మా బంధువుల ఇంట్లో పాటించలేదని ఒప్పుకుంటున్నాను; బ్లాకులను తొట్టెలో నానబెట్టడం నా కళ్లారా చూశాను. అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. కట్టేవాడు ఒక్కరోజు అజాగ్రత్తగా ఉన్నా క్షమించేది ఇటుక, క్షమించనిది బ్లాకు. వారానికి రెండు రోజులు పనిచేసే కొత్తవారికి ఏది తగినదో ఆలోచించాలి.

ప్రశ్నించినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంటి గోడలకు ముందు మా పొలంలో బోరు దగ్గర రేకుల కప్పుతో మోటారు గది కట్టి చూస్తాను. 24 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 8 అంగుళాల మందం ఉన్న ఆరిన బ్లాకు 15 కిలోలకు అటూ ఇటుగా ఉండాలని పై లెక్కను బట్టి తేలుతోంది కనుక, దించిన రోజే ధాన్యం కాటా మీద నాలుగు బ్లాకులు తూచి, తడి ఎక్కువగా ఉంటే ఆరనిస్తాను.

సమాధానం (రాజమహేంద్రవరం వైపు నుంచి)

మంచి ఆలోచన. పడమటి గోడను ముందు కట్టండి. సాయంత్రపు ఎండ, వాన జల్లు దానికే ఎక్కువ తగులుతాయి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచిన తర్వాత ఆ గోడ ఫొటోలు ఇక్కడ పెట్టండి. పగులు లేకపోతే నా అభిప్రాయం మార్చుకొని ఇక్కడే రాస్తాను.