కోస్టారికా ట్రిప్: టికెట్లు కొనేముందు పాస్‌పోర్టులో స్టాంపు చూసుకోండి

నమస్తే అండీ. అమెరికాలో ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగంలో చేరాను, పోయిన అక్టోబరులో ఎఫ్-1 (చదువు వీసా) నుంచి హెచ్-1బి (ఉద్యోగ వీసా)కి మారాను. మా ఆవిడ హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి నాలుగు నెలలే అయింది. క్రిస్మస్ సెలవుల్లో ఆరు రోజులు కోస్టారికా వెళ్దామనుకుంటున్నాం. అమెరికా వీసా ఉంటే అక్కడికి వేరే వీసా అక్కర్లేదట కదా, ఈ వీకెండ్ టికెట్లు కొనేస్తాం. అరెనాల్, మాంటెవెర్డే, మాన్యుయెల్ ఆంటోనియో, టోర్టుగేరో నాలుగూ చూడగలమా? కారు అద్దెకు తీసుకోవాలా? మేం శాకాహారులం.

—

తమ్ముడూ, ముందు ఆ టికెట్లు ఆపు. పాస్‌పోర్టు తీసి వీసా పేజీ చూడు. నువ్వు ఇక్కడ ఉంటూనే హెచ్-1బికి మారావు కాబట్టి నీ దగ్గరున్నది ఆ మార్పుకి ఆమోదం తెలిపే ఐ-797 కాగితం మాత్రమే, పాస్‌పోర్టులో ఉన్నది పాత ఎఫ్-1 స్టాంపే. ఆ కాగితంతో ఇక్కడ ఎంచక్కా ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ ఒకసారి దేశం దాటాక మళ్లీ ఆ ఉద్యోగానికి రావాలంటే హెచ్-1బి స్టాంపు ఉండి తీరాలి. ఎఫ్-1 స్టాంపుకి ఇంకా గడువున్నా దానికి పనికిరాదు. స్టాంపు లేకపోయినా తిరిగి రావచ్చని ఎవరైనా చెప్తే, అది కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్లొచ్చేవాళ్ల సంగతి. కోస్టారికాకి ఆ వెసులుబాటు లేదు. మీ ఆవిడకి కొత్త స్టాంపు ఉంది, ఆమెకి ఇబ్బంది లేదు, చిక్కంతా నీకే.

ఊరికే భయపెట్టడం లేదు, మా ఇంట్లోనే జరిగింది. మా ఆవిడ స్టాంపు గడువు తీరి రెండు నెలలైంది, మేమేమో ఐ-797 మీద తేదీ చూసి సరిపోతుందనుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి చెకిన్ కౌంటర్లో ఉన్నావిడ పేజీ తిప్పి, గడువు తేదీ మీద వేలు పెట్టి, మా వైపు చూసింది. మా పాప అప్పటికే ఈత కళ్లద్దాలు నుదుటి మీదికి తగిలించుకుని నిలబడి ఉంది. కారు పార్కింగ్ దాకా నడుస్తున్నంతసేపూ అది వాటిని తియ్యలేదు. హోటల్ డబ్బులు పోయాయి, కానీ ఆ కౌంటర్ ఆవిడ ఆపకుండా ఉంటే మేం అట్నుంచటే ఇండియా వెళ్లి అమెరికా కాన్సులేట్‌లో స్టాంపింగ్ కోసం కూర్చోవాల్సి వచ్చేది.

కాబట్టి ముందు ఇండియా వెళ్లి స్టాంపింగ్ కానివ్వు. ఆ తర్వాత ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెట్టుకో. పసిఫిక్ వైపు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలం, వానలు తక్కువ. ఈస్టర్ వారం మాత్రం వద్దు, దేశమంతా బీచుల మీదే ఉంటుంది.

ఆరు రోజుల్లో నాలుగు చోట్లంటే రోడ్ల మీదే సరిపోతుంది. మ్యాపులో అరెనాల్, మాంటెవెర్డే పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ మధ్యలో పెద్ద సరస్సు, దాన్ని చుట్టి కొండ రోడ్డెక్కి వెళ్లాలి, మూడు గంటలు దాటుతుంది. టోర్టుగేరోకి అసలు రోడ్డే లేదు, పడవలోనో చిన్న విమానంలోనో వెళ్లాలి. అక్కడ పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టేది జులై నుంచి అక్టోబరు దాకా, ఎండాకాలంలో వెళ్లేవాళ్లు దాన్ని వదిలేసినా నష్టం లేదు. నా మాట విని అరెనాల్ పక్కనున్న ఊరు లా ఫోర్చునాలో మూడు రాత్రులు, మాన్యుయెల్ ఆంటోనియోలో రెండు రాత్రులు ఉండండి. అరెనాల్ అగ్నిపర్వతం 2010 నుంచి చల్లబడింది, లావా కనపడుతుందని ఆశపడకండి. కానీ దాని వేడికి కాగే నీటి గుండాలున్నాయి, సాయంత్రం వాటిలో కూర్చుంటే ప్రయాణం బడలికంతా దిగిపోతుంది.

కారు తీసుకో, నీ అమెరికా లైసెన్సు చెల్లుతుంది. కాకపోతే ఆన్‌లైన్లో కనపడే అద్దె చూసి మురిసిపోవద్దు. ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా అక్కడ తప్పనిసరి, దాన్ని మన క్రెడిట్ కార్డు భరించదు, కౌంటర్ దగ్గర బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. బీమాతో కలిపి మొత్తం ఎంతో ముందే రాతపూర్వకంగా తెప్పించుకో. ఏ కాలమైనా సాయంత్రం ఆరుకల్లా చీకటి పడుతుంది, కొండ రోడ్ల మీద రాత్రి నడపొద్దు. కారులో బ్యాగులు వదిలి బీచికి పోవద్దు.

—

అన్నయ్య చెప్పిందంతా నిజం తమ్ముడూ, తిండి సంగతి నేను చెప్తాను. మేమూ శాకాహారులమే, ఎక్కడా పస్తులుండలేదు. ఊళ్లలో ‘సోడా’ అని చిన్న హోటళ్లుంటాయి, మన మెస్సుల్లాంటివి. ‘కసాదో’ అడిగితే పళ్లెంలో అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన తియ్యటి అరటిపండు ముక్కలు, సలాడ్ వస్తాయి. పొద్దున్నే అదే అన్నం, అవే గింజలు కలిపి వేయించి ‘గాయో పింతో’ పెడతారు. బల్ల మీద సీసాలో వెనిగర్‌లో ఊరిన మిరపకాయలు, కూరముక్కలు ఉంటాయి, దాన్ని ‘చిలేరో’ అంటారు, నాకు ప్రాణం లేచొచ్చింది.

‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అని ఊరుకోకండి. చాలామందికి కార్నే అంటే గొడ్డుమాంసమే, కోడి ముక్కలు వేసి తెచ్చిపెడతారు. ‘సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని కోడి, చేప కూడా వద్దని చెప్పాలి. గింజల్లో ‘మాంటెకా’ ఉందా అని అడగండి, పంది కొవ్వు వేసి వండేవాళ్లూ ఉన్నారు.

మాన్యుయెల్ ఆంటోనియో పార్కుకి మంగళవారం సెలవు, టికెట్లు ముందే ఆన్‌లైన్లో కొనాలి. తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు, అది మంచికే, అక్కడి కోతులు జిప్పులు కూడా తీస్తాయి. గైడుని తప్పక పెట్టుకోండి. మేం అరగంట తలెత్తి చూసినా ఆకులే కనిపించాయి, ఆ అబ్బాయి టెలిస్కోపు తిప్పి పెట్టగానే స్లాత్ (చెట్ల మీదుండే, బాగా నెమ్మదిగా కదిలే జంతువు) తన బిడ్డని పొట్టకి కరుచుకుని నిద్రపోతూ కనిపించింది.

—

అన్నా, అక్కా, పాస్‌పోర్టు చూశాను. ఎఫ్-1 స్టాంపే. ఇంకా రెండేళ్ల గడువుందని దాన్ని చూసుకునే ధైర్యంగా ఉన్నాను. టికెట్లు కొనలేదు. స్టాంపింగ్ స్లాట్ల కోసం ఈ రాత్రే కూర్చుంటున్నాను. మా ఆవిడకి విషయం చెప్తే, సరే, ఇండియా వెళ్లినప్పుడు అమ్మావాళ్లని చూసి రావచ్చులే అంది.