అప్‌డేట్: స్పోర్ట్స్ కారులో ఏసీ వేస్తే మైలేజీ పడిపోతోంది, కారణం దొరికింది
సిటీలో ఏసీ వేస్తే ట్యాంకు ఇట్టే ఖాళీ అవుతోందని, హైవే మీద అంత తేడా లేదని ఇదివరకు అడిగాను. ఈ రెండో ముక్క మామూలే. కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) లాగే పవర్ వేగంతో పెద్దగా పెరగదు, గాలి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. అందుకే హైవే మీద మొత్తం ఖర్చులో ఏసీ వాటా చిన్నదే. సిగ్నల్ దగ్గరైతే పెట్రోలు కాలుతుంది, కిలోమీటరు కదలదు. మంచి ఎండలో, చిన్న ట్రిప్పుల్లో మైలేజీ 25 శాతానికి పైగా పడొచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది.

అసలు దోషం కండెన్సర్‌ది, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే, రేడియేటర్ ముందుండే జాలీది. బంపర్ నేలకు దగ్గర కదా, ఫిన్ల (దాని పల్చటి రేకుల) నిండా పురుగులు, ఇసుక. రేడియేటర్‌కీ దానికీ మధ్య ఎండుటాకుల మెత్త. వేడి బయటికి పోక హైసైడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాస్ ఒత్తిడి) పెరిగి కంప్రెసర్ బరువుగా తిరిగింది. బంపర్ విప్పి, లోపలి వైపు నుంచి మామూలు పైపుతో కడగాలి. ప్రెషర్ వాషర్ వద్దు, ఫిన్లు వంగిపోతాయి.

ఏసీ గ్యాస్ కూడా ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. మొత్తం తీసి, బానెట్ కింద లేబుల్‌పై ఉన్న గ్రాముల లెక్కన నింపించాను. మెకానిక్ "కూలింగ్ తగ్గింది, కొంచెం గ్యాస్ కొట్టేద్దాం" అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు సిటీలో మైలేజీ మెరుగైన తేడా తెలుస్తోంది. మైలేజీకి ఫుల్ ట్యాంకు లెక్కే (ఫుల్ నుంచి మళ్లీ ఫుల్ వరకు తిరిగిన కిలోమీటర్లు, పోసిన లీటర్లు) చూడండి, మీటర్‌లో చూపించేది కాదు.