డెబ్బై రోజులు కొకైన్ మానినవాడు మళ్లీ పడితే తప్పు ఎవరిది?

చిత్తూరు తండ్రి:
మా అబ్బాయికి 26 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కొకైన్‌కు అలవాటు పడ్డాడు. తెలిసిన రోజే ఇంటికి తీసుకొచ్చాం. డెబ్బై రోజులు దాన్ని ముట్టలేదు. కడుపునిండా తిన్నాడు, నిద్రపోయాడు, నాతోపాటు తోతాపురి తోటకు నీళ్లు కట్టాడు. ‘ఇప్పుడు అది గుర్తుకే రావడం లేదు నాన్నా’ అన్నాడు. గది ఖాళీ చేసి సామాన్లు తెచ్చుకుంటానంటే పంపాను. ఆ రాత్రే మళ్లీ తీసుకున్నాడు. వాడికి మనోబలం లేదని, నాకు అబద్ధం చెప్పాడని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?

చంద్రగిరి వాసి:
మీ బావమరిది గారి మాట కటువుగా ఉన్నా కొట్టిపారేయలేను. మా తమ్ముడు సారా ఒక్క రోజులో మానేశాడు, ఇరవై ఏళ్లయింది. మెదడులో ఏముందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఈమధ్య కొందరు అంటున్నట్టు అంతా మెదడు రసాయనాల వల్లనే అని పిల్లలకు చెబితే, ఇక తమ చేతుల్లో ఏమీ లేదని కూర్చుంటారు. నా భయం అది.

తిరుపతి ఔషధశాస్త్రం:
తండ్రిగారూ, నేను ఇక్కడ వైద్య విద్యార్థులకు పాఠం చెబుతాను. మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం.

కొకైన్ అనగానే అందరూ డోపమైన్ అంటారు, అంటే మెదడులో హాయిని కలిగించే రసాయనం. మత్తు వరకు అది సరే. అయితే ఆ పొంగు కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. నెలల తర్వాత కూడా మిగిలేది జ్ఞాపకం: ఆ గది, ఆ మిత్రుడు, ఆ సాయంత్రం. నాడీకణాల మధ్య ఆ ముడిని బిగించేది గ్లుటమేట్ అనే మరో మెదడు రసాయనం, కణం మీద దాన్ని అందుకునే గ్రాహకాలు. 2001లో ఎలుకల మీద ఒక ప్రయోగం జరిగింది. ఎంగ్లుఆర్5 అనే గ్లుటమేట్ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకు కొకైన్ ఇస్తే, మామూలు ఎలుకల్లో లాగే డోపమైన్ పెరిగింది. అయినా కొకైన్ కోసం అవి మీట నొక్కలేదు. తిండి కోసం మాత్రం నొక్కాయి.

మీ ప్రశ్నకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. కొకైన్ ఆపేసిన ఎలుకలకు పాత గుర్తులు చూపితే, దానికోసం వెతికే ఆరాటం మొదటి రోజుకన్నా అరవయ్యో రోజున ఎక్కువగా ఉందని అదే 2001లో తేలింది. కారణం 2008లో కొంత దొరికింది. మానిన వారాల్లో మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట కొత్త రకం ఆంపా గ్రాహకాలు చేరుతాయి, ఇవీ గ్లుటమేట్‌ను అందుకునేవే. వాటిలో గ్లుఏ2 అనే భాగం ఉండదు కాబట్టి కాల్షియం లోపలికి వస్తుంది, చిన్న గుర్తుకే కణం గట్టిగా స్పందిస్తుంది. ఆ గ్రాహకాలను అడ్డుకుంటే ఎలుకల ఆరాటం తగ్గింది.

చంద్రగిరి వాసి:
ఎలుకలకు పెళ్లాం, అప్పు, పరువు ఉండవు సార్. మనుషుల మాట చెప్పండి.

తిరుపతి ఔషధశాస్త్రం:
న్యాయమైన ప్రశ్న. 2016లో కొకైన్ మానినవారికి దాని బొమ్మలు చూపి మెదడు తరంగాలు కొలిచారు. మానిన రెండు రోజులకన్నా నెల, ఆరు నెలల దగ్గర స్పందన ఎక్కువ, ఏడాదికి తగ్గింది. కోరిక ఉందా అని అడిగితే మాత్రం, రోజులు గడిచినకొద్దీ తగ్గుతోందనే చెప్పారు. ఆ అబ్బాయి తండ్రితో అన్నమాటా అదే. తనకు తెలిసిన నిజమే చెప్పాడు. తనకు కనిపించనిది లోపల పెరుగుతోంది.

చంద్రగిరి వాసి:
అయితే ఆ గ్రాహకాలను మూసే మందు ఇవ్వవచ్చు కదా?

తిరుపతి ఔషధశాస్త్రం:
లేదు, ఇది ఒప్పుకోవాలి. కొకైన్, మెథాంఫెటమిన్ అనే మరో మత్తుమందు వ్యసనాలకు అమెరికా ఔషధ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. గ్లుటమేట్‌ను సరిదిద్దుతుందని ఎన్-అసిటైల్‌సిస్టిన్ అనే మందు మీద ఆశ పెట్టుకున్నారు. 2013 పరీక్షలో ఇంకా వాడుతున్నవారికి అది పనిచేయలేదు, అప్పటికే మానినవారిలో మాత్రం కొంత మేలు కనిపించింది. చదువు, జ్ఞాపకం, కదలిక అన్నీ ఇవే గ్రాహకాలతో నడుస్తాయి కాబట్టి అన్నిటినీ మూసేయలేం. ఇప్పటికి బలమైన ఆధారం ఉన్న పద్ధతి, మూత్రపరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇవ్వడం.

మీ తమ్ముడి పట్టుదలను నేను కాదనడం లేదు. కానీ ఆయన మానినప్పుడు సారా దుకాణానికి మళ్లీ సామాన్లు తెచ్చుకోవడానికి వెళ్లాల్సి వచ్చిందా? మనోబలాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో ఈ శాస్త్రం చెబుతుంది: గది తలుపు దగ్గర కాదు, బస్సు ఎక్కక ముందే.

చంద్రగిరి వాసి:
ఎక్కాలా వద్దా అన్న నిర్ణయం మళ్లీ మనిషిదే కదా. నా మాట మీద నేనున్నాను. అబ్బాయిని తిట్టమని మాత్రం చెప్పను.

చిత్తూరు తండ్రి:
పోలీసుల భయంతో ఇన్నాళ్లూ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు.

తిరుపతి ఔషధశాస్త్రం:
ఆ భయంతో ఆగకండి. 1985 మాదక ద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉన్నది, తమంతట తాము చికిత్సకు వచ్చే వ్యసనపరులను కాపాడటానికే. మత్తు మానేందుకు సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చిత్తూరు తండ్రి:
చేశాను. సోమవారం రమ్మన్నారు. ఇదంతా మా బావమరిదికి చదివి వినిపించాను, ఏమీ అనలేదు. సామాన్లు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. ఆదివారం మేమిద్దరం వెళ్లి తెస్తాం. అబ్బాయి వాళ్లమ్మ దగ్గరే ఉంటాడు.