ఎక్స్‌పీ ల్యాప్‌టాప్: ఆన్ చేసిన ప్రతిసారీ "ఫౌండ్ న్యూ హార్డ్‌వేర్" అని అడుగుతోంది, ఆపేదెలా?

పాతలాపీ:
విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3, 32 బిట్. 2007 నాటి ల్యాప్‌టాప్, 1 జీబీ ర్యామ్. ఫార్మాట్ కొట్టాక మొదలైంది. డెస్క్‌టాప్ రాగానే వరసగా నాలుగు విజార్డులు (డ్రైవర్ వేయమని అడిగే కిటికీలు). ఒకటి "మోడెమ్ డివైస్ ఆన్ హై డెఫినిషన్ ఆడియో బస్", మిగతా మూడూ "బేస్ సిస్టమ్ డివైస్". క్యాన్సిల్ కొడితే పోతాయి, మళ్లీ ఆన్ చేస్తే హాజరు. డివైస్ మేనేజర్‌లో నాలుగింటినీ రెండు మూడుసార్లు అన్‌ఇన్‌స్టాల్ చేశా, లాభం లేదు. డిస్‌ప్లే, సౌండ్ బానే ఉన్నాయి. పాత లెక్కల సాఫ్ట్‌వేర్ కోసమే వాడుతున్నాం, నెట్ కలపం. డ్రైవర్ సీడీ లేదు. ఏం చేయాలి?

స్క్రూడ్రైవర్:
అన్‌ఇన్‌స్టాల్ చేయడమే ఇక్కడ పొరపాటండీ. ఆన్ అయిన ప్రతిసారీ విండోస్ బోర్డు మీద ఏమేం ఉన్నాయో వెతుకుతుంది. ఒక్కో చిప్ తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. ఆ నంబరున్న ఇన్ఫ్ ఫైలు (డ్రైవర్, అంటే ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఎలా వేయాలో రాసి ఉండే ఫైలు) దొరక్కపోతే విజార్డ్ వస్తుంది. మీరు అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చెరిగేది విండోస్ రాసుకున్న చిట్టా మాత్రమే, చిప్ అక్కడే ఉంటుంది. దాంతో తర్వాతిసారి దాన్ని కొత్తగా చూసినట్టు మళ్లీ అడుగుతుంది. డిసేబుల్ చేస్తే చిట్టా అలాగే ఉండి, "దీని జోలికి పోవద్దు" అన్న గుర్తు పడుతుంది. ఇక అడగదు.

ముందు అవేంటో తెలియాలి. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ మేనేజర్. పసుపు ప్రశ్నార్థకం ఉన్నదాని మీద డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్ ట్యాబ్‌లో పైనున్న లిస్టులోంచి "హార్డ్‌వేర్ ఐడీస్" ఎంచుకోండి. వెన్ (కంపెనీ) పక్కన నాలుగు అక్షరాలు, డెవ్ (మోడల్) పక్కన నాలుగు. నాలుగింటివీ ఇక్కడ పెట్టండి. జనరల్ ట్యాబ్‌లో కోడ్ ఎంత ఉందో కూడా చూడండి. 28 అయితే డ్రైవర్ లేదని అర్థం. 10 అయితే డ్రైవర్ ఉంది కానీ డివైస్ మొదలవ్వట్లేదు, అది వేరే కథ.

పాతలాపీ:
అన్నీ కోడ్ 28. బేస్ సిస్టమ్ డివైస్ మూడింటికీ వెన్ 1180. డెవ్ మాత్రం వరసగా 0592, 0843, 0852. మోడెమ్‌కి వెన్ 14ఎఫ్1.

స్క్రూడ్రైవర్:
1180 అంటే రికో. మూడూ ఒకే కార్డ్ రీడర్ చిప్‌లో భాగాలు: 0592 మెమరీ స్టిక్‌కి, 0843 ఎంఎంసీకి, 0852 ఎక్స్‌డీ పిక్చర్ కార్డుకి. ఈ రోజుల్లో ఆ కార్డులు ఎవరి దగ్గరున్నాయి చెప్పండి. ఎస్‌డీ కార్డు సంగతి 0822 అనే ఇంకో భాగం చూసుకుంటుంది, దానికి డ్రైవర్ ఎక్స్‌పీలోనే ఉంది. డివైస్ మేనేజర్‌లో "ఎస్‌డీఏ స్టాండర్డ్ కంప్లయంట్ ఎస్‌డీ హోస్ట్ కంట్రోలర్" అని ఉందేమో చూసి, ఒక ఎస్‌డీ కార్డు పెట్టి పరీక్షించండి. చదివితే ఆ మూడింటినీ నిశ్చింతగా డిసేబుల్ చేయొచ్చు.

14ఎఫ్1 కోనెక్సెంట్ మోడెమ్. టెలిఫోన్ తీగతో నెట్‌కి, ఫ్యాక్స్‌కి పనికొచ్చేది. అదీ డిసేబుల్ చేసేయండి. ఒక్క జాగ్రత్త: సిస్టమ్ డివైసెస్ కింద "మైక్రోసాఫ్ట్ యూఏఏ బస్ డ్రైవర్ ఫర్ హై డెఫినిషన్ ఆడియో" ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. మోడెమ్, సౌండ్ రెండూ దాని మీదే వేలాడతాయి. అది ఆపితే విజార్డ్‌తో పాటు సౌండూ పోతుంది. బయాస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెటప్‌లో) "ఇంటర్నల్ మోడెమ్" అని ఉంటే అక్కడే ఆపడం ఇంకా మేలు, విండోస్‌కి అసలు కనబడదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ వరస ఉండదు.

ఇన్ఫ్_ఫైల్:
డిసేబుల్ ఇష్టం లేనివాళ్లకి, లేదా ఎస్‌డీ కార్డు కూడా చదవకపోతే: ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో తయారీదారు సైటులో ఎక్స్‌పీ 32 బిట్ కార్డ్ రీడర్ డ్రైవర్ వేరే సిస్టమ్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. విజార్డ్‌కి ఈఎక్స్ఈ ఫైలు చూపిస్తే పనికిరాదు, దానికి కావాల్సింది ఇన్ఫ్. ఈఎక్స్ఈని ఒకసారి నడిపితే చాలావరకు సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా విప్పుకుంటుంది. సెటప్ మధ్యలో ఆగిపోయినా ఫైళ్లు అక్కడ ఉంటాయి.

ఆ ఫోల్డర్‌లోని ఇన్ఫ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి 0592 అని వెతకండి. దొరికితే మెమరీ స్టిక్‌కి అదే. దొరక్కపోతే ఎన్నిసార్లు చూపించినా విజార్డ్ "కుదరదు" అనే అంటుంది. మూడింటికీ మూడు ఇన్ఫ్‌లు వేరే ఫోల్డర్లలో ఉండొచ్చు, అందుకే నంబరు చూసుకోమంటున్నా. తర్వాత విజార్డ్‌లో "నో, నాట్ దిస్ టైమ్", "ఇన్‌స్టాల్ ఫ్రమ్ ఎ లిస్ట్ ఆర్ స్పెసిఫిక్ లొకేషన్", "ఇంక్లూడ్ దిస్ లొకేషన్" దగ్గర టిక్ పెట్టి ఫోల్డర్ చూపించండి. లోగో టెస్టింగ్ పాస్ కాలేదని హెచ్చరిక వస్తే "కంటిన్యూ ఎనీవే". "ఎస్" నొక్కి విండోస్ అప్‌డేట్‌లో వెతకమనడం మాత్రం టైమ్ దండగ. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది.

అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో వేస్తామనే సాఫ్ట్‌వేర్లు వద్దు. నాలుగు ప్రశ్నలు పోగొట్టడానికి పది అక్కర్లేనివి తెచ్చిపెడతాయి, బాగున్న సౌండ్ డ్రైవర్‌ని కూడా మార్చేస్తాయి.

టేబుల్‌ఫ్యాన్:
ఇదే చర్చ కాబట్టి అడుగుతున్నా. నాది విండోస్ 7. యూఎస్‌బీ ప్రింటర్‌ని ఒక పోర్టులోంచి ఇంకో పోర్టుకి మార్చితే మళ్లీ ఇన్‌స్టాల్ అవుతోంది, "కాపీ 1" అని రెండో ప్రింటర్ కనిపిస్తోంది.

ఇన్ఫ్_ఫైల్:
ప్రింటర్ తన సీరియల్ నంబరు చెప్పకపోతే విండోస్ దాన్ని పోర్టుతో గుర్తుపెట్టుకుంటుంది. పోర్టు మారితే కొత్త ప్రింటరే. ఒక పోర్టుకి చిన్న స్టిక్కర్ అంటించి ఎప్పుడూ అందులోనే పెట్టండి, కాపీ 1ని తీసేయండి. విండోస్ అప్‌డేట్ నుంచి డ్రైవర్లు దానంతటదే తెచ్చుకోకుండా కావాలంటే సిస్టమ్ ప్రాపర్టీస్, హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెటింగ్స్‌లో "నో, లెట్ మీ చూజ్" పెట్టి "నెవర్ ఇన్‌స్టాల్" ఎంచుకోండి. పోర్టు గొడవ మాత్రం దీంతో తీరదు.

పాతలాపీ:
ఎస్‌డీ కార్డు చదివింది. నాలుగింటినీ డిసేబుల్ చేశా, పక్కన ఎర్ర ఇంటూ గుర్తులు వచ్చాయి, కోడ్ 22 చూపిస్తోంది. రెండుసార్లు రీస్టార్ట్ చేశా, ఏమీ అడగలేదు. సౌండ్ ఉంది.

స్క్రూడ్రైవర్:
22 అంటే మీరే ఆపారని. అలా ఉండనివ్వండి. ఆ ఎర్ర గుర్తులు చూసి ఎవరైనా "క్లీన్" చేద్దామని అన్‌ఇన్‌స్టాల్ కొడితే మళ్లీ మొదటికొస్తుంది.