అమ్మ చిన్నప్పటి క్యాబేజ్ ప్యాచ్ బొమ్మ, గౌను ఉతకొచ్చా?

ఎంవీపీ_అమ్మాయి:
అందరికీ నమస్తే. మా తాతయ్య షిప్పుల్లో పనిచేసేవారు, అమ్మకి ఏడేళ్లప్పుడు అమెరికా నుంచి క్యాబేజ్ ప్యాచ్ బొమ్మ తెచ్చారు. ఉన్ని జుట్టు, వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) తల, గుడ్డతో కుట్టిన ఒళ్లు. ఇన్నేళ్లూ అటక మీద ట్రంకు పెట్టెలో, పాలిథిన్ కవర్లో నాఫ్తలీన్ ఉండలు వేసి ఉంచారు. మొన్న దింపి చూస్తే తల జిగటగా ఉంది, బుగ్గ మీద సన్నటి తెల్ల మచ్చలు, గౌను పసుపెక్కింది, పిన్నీసు పెట్టిన చోట తుప్పు మరక. ఒక బూటు లేదు. బొమ్మని దత్తత తీసుకున్నట్టు దాంతోపాటే వచ్చే దత్తత కాగితం మాత్రం పాడవలేదు. బొమ్మని ఒళ్లో పెట్టుకుని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గౌను సర్ఫ్‌లో నానబెట్టొచ్చా? అమ్మమ్మ దీనికి కుట్టిన పట్టు లంగా కూడా ఉంది, షోకేసులో పెట్టేటప్పుడు ఏది వేయాలి? ఇంతకీ ఇది అసలుదేనా? పిర్ర మీద ఆకుపచ్చ సంతకం ఉంది.

పాతబొమ్మల_పిన్ని:
సర్ఫ్ జోలికి వెళ్లకమ్మా. ముందు ఉన్నది ఉన్నట్టుగా అన్ని వైపులా ఫొటోలు తీసుకో. ఆ సంతకం ఈ బొమ్మల్ని ప్రచారంలోకి తెచ్చిన జేవియర్ రాబర్ట్స్‌ది. కోలెకో కంపెనీ 1983లో వీటిని ఫ్యాక్టరీల్లో చేయడం మొదలుపెట్టింది, సంతకం రంగు ఏటా మార్చేది: 83కి నలుపు, 84కి ఆకుపచ్చ, 85కి నీలం. అయితే రంగు ఒక్కటే చూసి నమ్మకు. బొమ్మ పక్క కుట్టులో ఒక ట్యాగు ఉంటుంది, దాని మీద ఫ్యాక్టరీ గుర్తుగా ఒకటో రెండో మూడో అక్షరాలు ఉంటాయి. గౌను లోపల ట్యాగు మీద కూడా అవే అక్షరాలుంటే ఆ రెండూ ఒకే ఫ్యాక్టరీవి. మాలాంటివాళ్లం మొదట వెతికేది ఆ జత కోసమే.

గాజువాక_రవి:
ఆ కవరు ఈరోజే తీసేయండి. వినైల్ మెత్తగా ఉండడానికి కలిపిన నూనె లాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి వస్తుంది, జిగట అదే. నాఫ్తలీన్ ఆవిరి కూడా ప్లాస్టిక్‌కి మంచిది కాదు. మన వైజాగ్ గాలిలో తేమ సంగతి మీకు తెలిసిందే. హుద్‌హుద్ అప్పుడు మా గదిలోకి నీళ్లొచ్చి, రంపపు పొట్టు, జిగురు కలిపి చేసిన 1940ల నాటి బొమ్మ తల ఉబ్బి పగిలిపోయింది, ఆ బాధ ఇంకా పోలేదు. తలని తడిగుడ్డతో, కొద్దిగా మైల్డ్ సబ్బుతో తుడవండి, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు. తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి, గాలాడే పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లతో ఉంచండి. ఆ తెల్ల మచ్చలు బూజు కావచ్చు కాబట్టి మిగతా బొమ్మలకి దూరంగా పెట్టండి.

కుట్టుమిషన్_అత్త:
గౌను సంగతి నేను చెప్తా. తడి దూదితో లోపలి కుట్టు దగ్గర రుద్ది చూడు, రంగు దిగితే ఉతకొద్దు. దిగకపోతే పలచటి కుంకుడు రసంలో కాసేపు ఉంచి, పిండకుండా తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టు. తుప్పు మరక మీద బ్లీచ్ వేస్తే మరక ఇంకా గట్టిపడుతుంది, అలా వదిలేయడమే మేలు. పట్టు లంగా విషయంలో కొంతమంది కలెక్టర్లు ఒప్పుకోరు గానీ, నాకైతే అది కూడా అసలు బట్టే, మీ అమ్మమ్మ చేతి కుట్టు ఇంకెక్కడ దొరుకుతుంది? బొమ్మకి గౌనే వేసి, లంగా పక్కన పరచు.

ఎంవీపీ_అమ్మాయి:
ట్యాగులు చూశాను పిన్నీ, రెండింటి మీదా ఇంగ్లీషులో ఓకే అనే ఉంది! తాతయ్య 84 చివర్లో తెచ్చారని అమ్మ కూడా అంటోంది. కవరు తీసేశాం. అత్తయ్యగారూ, లంగా పక్కనే పెడతాను, అమ్మ కూడా అదే అంది. ఇక ఆ ఒక్క బూటు కోసం ట్రంకులో అడుగునున్న బట్టలన్నీ దులిపి చూస్తున్నాం.

పాతబొమ్మల_పిన్ని:
దొరక్కపోతే కంగారుపడి కొత్త జత కొనకు. ఉన్న బూటు అడుగున ఏం రాసి ఉందో ఫొటో తీసి ఇక్కడ పెట్టు, నా పెట్టెలో విడి బూట్లు ఉన్నాయి, ఈ ఆదివారం వెతుకుతా.