ఆకలి ఉన్న చోటికి ధాన్యం పంపాలా, డబ్బు పంపాలా?

సముద్రపుదారి:
నా ఓటు డబ్బుకే. 2022లో యుద్ధంతో ఉక్రెయిన్ రేవులు మూతపడ్డాయి. జులైలో ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యన ఉండి ఒప్పందం కుదిర్చాక గానీ కరువులో ఉన్న ఇథియోపియాకు 23,000 టన్నుల గోధుమతో బ్రేవ్ కమాండర్ ఓడ కదల్లేదు. ఏడాది తిరగ్గానే రష్యా తప్పుకుంది, ఆ ఒప్పందం అంతటితో సరి. పైగా అమెరికా ఆహార సాయంలో కనీసం సగం ఆ దేశపు ఓడల్లోనే వెళ్లాలని అక్కడి చట్టం. సాయం ఎవరికండీ, ఆకలిగా ఉన్నవాళ్లకా, ఓడల కంపెనీలకా?

గోనెసంచి:
ఓడల సంగతి సరే. డబ్బు తిప్పలు డబ్బుకూ ఉన్నాయి. లెబనాన్‌లో సిరియా శరణార్థులకు కార్డుల్లో డబ్బు వేసేవారు. 2019 తర్వాత అక్కడి పౌండు విలువ 90 శాతానికి పైగా పడిపోయింది. ఇక ఆ కార్డుతో ఏం కొంటారు? ఇంకోటి, బాగా చిక్కిపోయిన పసిపిల్లలకిచ్చే వేరుశనగ ముద్ద ప్యాకెట్. 92 గ్రాములు, 500 క్యాలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, మూల చింపి నోట్లోకి పిండడమే. అది ఏ సంతలో దొరుకుతుంది?

సముద్రపుదారి:
ఆ ప్యాకెట్లు వద్దని నేనెక్కడన్నాను? నా గొడవంతా బియ్యం, గోధుమల గురించి. హైతీలో 1990ల మధ్య బియ్యం మీద సుంకం 3 శాతానికి దించారు. అమెరికా బియ్యం ముంచెత్తింది, అక్కడి వరి రైతు చితికిపోయాడు. అది తప్పేనని, సుంకం దించినప్పుడు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటనే 2010లో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. అది వ్యాపారం, సాయం కాదంటారేమో. రైతుకు తేడా ఏముంది?

తొలకరి:
ఏం పంపాలని కొట్టుకుంటున్నారు గానీ, ఎప్పుడు పంపుతున్నారో చూడరేం? సోమాలియాకు కరువు ముప్పుందని 2010లోనే హెచ్చరికలొచ్చాయి. 2011 జులైలో కరువని ప్రకటించేదాకా పెద్ద మొత్తాలు రాలేదు. దాదాపు 2,60,000 మంది చనిపోయారు, అందులో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. అదే 2020లో బంగ్లాదేశ్‌లో వరద అంచనా రాగానే ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి నుంచి 52 లక్షల డాలర్లు వదిలారు. వరద ముదరకముందే చాలా ఇళ్లకు మొబైల్‌లో డబ్బు పడింది.

గోనెసంచి:
బంగ్లాదేశ్‌లో నీళ్లు తీస్తే కొట్టు మళ్లీ తెరుస్తారు. మరి సూడాన్‌లో అల్ ఫాషిర్ పట్టణం? 2024 మే నుంచి 2025 అక్టోబరు దాకా ముట్టడి. ఏడాదికి పైగా లారీలు వెళ్లక ప్రపంచ ఆహార కార్యక్రమం ఫోన్లలోకి డబ్బే పంపింది. జనం తిన్నది అంబాజ్. అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క, పశువులకు వేసేది. 2025లో చివరికి అదీ కరువైంది. మీ డబ్బు వాదం అక్కడ ఎలా నిలబడుతుందో చెప్పండి.

సముద్రపుదారి:
లారీనే పోనివ్వని చోటికి మీ ధాన్యమూ పోదు కదండీ. అక్కడ డబ్బు పంపింది అది మేలని కాదు, పంపగలిగింది అదొక్కటే కాబట్టి. ముట్టడి వేసిన ఆర్‌ఎస్‌ఎఫ్ (సూడాన్ సైన్యంతో పోరాడే సాయుధ దళం) మీద, దానికి ఆయుధాలు అందించేవాళ్ల మీద ఒత్తిడి తేవాల్సింది ప్రభుత్వాలు. ఆ పని సాయం సంస్థల నెత్తిన పెట్టి, ధాన్యమా డబ్బా అని మనం ఎన్నాళ్లు వాదించుకున్నా అల్ ఫాషిర్‌కు ఒరిగేదేమీ లేదు.